అల్లిక రెక్కల పురుగు గుడ్లు మిరపలో ఎప్పుడు వదలాలి? కార్డు పెడితే సరిపోతుందా?

#1 గుంటూరు_మిరప
అందరికీ నమస్కారం. ఒకటిన్నర ఎకరం మిరప, నాటి నలభై రోజులు. లేత ఆకుల అడుగున పేనుబంక అక్కడక్కడా మొదలైంది. కొన్ని మొక్కల్లో పై ముడత కూడా ఉంది. అల్లిక రెక్కల పురుగు (క్రైసోపర్లా) గుడ్ల కార్డులు తెప్పిద్దామని ఆలోచన. ఎకరానికి ఎన్ని కావాలి? కార్డు ఆకుకి పిన్ను కొట్టాలా, గుడ్లు పొట్టులో కలిపి చల్లాలా? మందు కొట్టిన చేలో ఎన్నాళ్లు ఆగి వదలాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

#2 పురుగుల_పరిశీలన
గుంటూరు గారూ, ఎన్ని అన్నదానికంటే ఎప్పుడు అన్నది ముందు తేల్చుకోవాలి. క్యాలెండర్ వేసి చూడండి.

గుడ్డు పెట్టిన మూడు నాలుగు రోజులకు పొదుగుతుంది. బయటికి వచ్చే పిల్ల పురుగు మిల్లీమీటరు పైచిలుకు ఉంటుంది, అంతే. దాని మొదటి దశ మూడు రోజులు, రెండోది మూడు రోజులు, మూడోది మూడు నాలుగు రోజులు. ఇవన్నీ 26 డిగ్రీల దగ్గర లెక్కలు, చలికాలంలో ఇంకా సాగుతాయి. మొత్తం తిండిలో ముప్పాతికకు పైగా ఆ మూడో దశలోనే తింటుంది. మొదటి దశ పిల్ల ఒక పెద్ద పేనుబంకను లొంగదీసుకోడానికే తంటాలు పడుతుంది, చాలాసార్లు ఆ పేనే కాళ్లు విదిల్చి తప్పించుకుంటుంది.

అంటే ఇవాళ తాజా గుడ్లు వదిలితే చేనులో అసలు ఆకలి మొదలయ్యేది తొమ్మిదో పదో రోజున. ఈలోగా పేనుబంక ఏం చేస్తుంది? మగదానితో పని లేకుండా నేరుగా పిల్లల్ని పెడుతుంది, ఆ పిల్లలు వారం పది రోజుల్లో తల్లులవుతాయి. కొమ్మ చివర్లు నల్లగా గుంపులు కట్టాక కార్డులు తెచ్చిపెట్టి "పని చెయ్యలేదు" అనే ఫిర్యాదులు ఎక్కువగా ఇక్కడివే. మీరు చెప్పిన దశ, అంటే అక్కడక్కడా ఆకుకి ఒకటో రెండో కనపడే దశ, సరిగ్గా అదను. వారం ఆలస్యం చేస్తే అదను పోయినట్టే.

ఇంకోటి. పొదగబోయే గుడ్లు తెప్పించుకోండి. పెట్టినప్పుడు గుడ్డు లేత ఆకుపచ్చగా ఉంటుంది, పొదిగే ముందు బూడిద రంగుకు తిరుగుతుంది. బూడిద రంగు గుడ్లు వదిలితే రెండు మూడు రోజులు కలిసొస్తాయి, చీమలకు దొరికే సమయమూ తగ్గుతుంది.

#3 కార్సిరా_గది
లెక్కలు నేను చెబుతాను.

పత్తి లాంటి పంటల్లో తరచూ చెప్పే సిఫారసు హెక్టారుకు 10,000 గుడ్లు లేదా మొదటి దశ పిల్లలు, పదిహేను రోజుల తేడాతో రెండుసార్లు. ఎకరానికి 4,000 పడుతుంది. మీ ఒకటిన్నర ఎకరానికి ఒక్కో దఫా 6,000. ఉద్ధృతి ఉన్నచోట దీనికి కొన్ని రెట్లు వదలమనే సిఫారసులూ ఉన్నాయి. పండ్ల చెట్లకైతే చెట్టుకి 10 నుంచి 20 పిల్లలు. చేనంతా సమానంగా పంచాలని పట్టుబట్టకండి. పురుగు మొదలైన మచ్చల చుట్టూ సగం, మిగతా సగం చేనంతా.

వదిలే పద్ధతులు రెండు:

చల్లడం. కాడ తీసేసిన విడి గుడ్లను పొడి రంపపు పొట్టులోనో వరి ఊకలోనో కలిపి, మూత చిల్లులున్న డబ్బాతో మొక్కల మీద చిలకరిస్తారు. పని తొందరగా అవుతుంది. కానీ సగం ఊక నేల మీద పడుతుంది, దాంతో గుడ్లూ నేల మీదే. నేల మీద పొదిగిన పిల్లకు ఎండ, చీమలు, సాలీళ్లు అన్నీ ఎదురే. మొక్క మీద ఉదయపు మంచు తడి కొంచెం ఉంటే పొట్టు ఆకుకి అంటుతుంది. తడి ఎక్కువైతే ముద్ద కడుతుంది. సాళ్లు కలిసిపోయి ఆకు బాగా కమ్మిన చేనుకే ఈ పద్ధతి నప్పుతుంది, నలభై రోజుల మిరపకు కాదు.

కార్డు ముక్కలు. గుడ్లున్న కాగితాన్ని చిన్న ముక్కలుగా కత్తిరించి, మధ్య ఆకుల అడుగు వైపు పిన్ను కొట్టాలి. పై వైపు కొడితే ఎండకి ఎండిపోతాయి. కూలి ఖర్చు ఎక్కువ, నష్టం తక్కువ. మీ చేనుకి ఇదే మంచిది.

ఏదైనా సరే సాయంత్రం నాలుగున్నర దాటాక చెయ్యండి. ఆ రోజు వాన సూచన ఉంటే ఆపండి.

ఒక హెచ్చరిక: పొదిగిన పిల్లలు డబ్బాలో వస్తే ఆ సాయంత్రమే వదిలెయ్యాలి. ఇవి ఒకదాన్నొకటి తినేస్తాయి. డబ్బాలో ఊక, కాగితం ముక్కలు, కొంత కార్సిరా (బియ్యపు చిమ్మట) గుడ్ల మేత వేసి పంపేది అందుకే, దాక్కునే చోటు ఉండాలని. "రేపు తీరిగ్గా వదులుదాం" అంటే రేపటికి సంఖ్య తగ్గి, కొన్ని మాత్రం బలిసి ఉంటాయి.

#4 నల్లరేగడి
పైన ఇద్దరూ చెప్పింది బాగుంది గానీ నేను కొంచెం అడ్డం తిరుగుతాను. కొన్న పురుగు కంటే చేలో ఉన్న పురుగు విలువైనది. ఈ పురుగు మన దగ్గర లేక కాదు కదా కొనడం. పత్తి, మిరప, కంది, పొద్దుతిరుగుడు ఏ చేలో చూసినా ఉంటుంది. రాత్రి ట్యూబ్‌లైటు కింద వాలే లేత ఆకుపచ్చ పురుగు, రెక్కలు ఇంటి కప్పులా వాలుగా మూసుకుని, కళ్లు బంగారు రంగులో మెరుస్తూ... అదే.

దీని పాత పేరు క్రైసోపర్లా కార్నియా అని పుస్తకాల్లో ఇప్పటికీ ఉంటుంది. కానీ అది ఒక జాతి కాదు, చూడ్డానికి ఒకేలా ఉండే జాతుల గుంపు. మన దేశంలో ఉన్నది క్రైసోపర్లా జస్ట్రోవి సిల్లెమి. వీటిని విడదీసింది రంగూ రూపమూ చూసి కాదు, పాట విని. జత కోసం మగా ఆడా పొట్టను వణికిస్తాయి, ఆ కంపనం ఆకు గుండా అవతలి పురుగు కాళ్లకు చేరుతుంది. మన చెవికి వినపడదు. ఒక్కో జాతికి ఒక్కో లయ, లయ కలవకపోతే జత కుదరదు.

అసలు విషయానికి వస్తా. తల్లి పురుగు వేటాడదు. పుప్పొడి, పూల తేనె, పేనుబంక కార్చే తేనెబంక, ఇవే దాని తిండి. కోశం నుంచి బయటికి వచ్చిన మొదటి రెండు రాత్రులూ చుట్టుపక్కల తిండి ఉన్నా లేకున్నా గాలివాలున ఎగిరి దూరం పోతుంది. కార్నియా గుంపు మీద జరిగిన పరిశోధనల్లో తేలిన సంగతి ఇది. ఆ తరువాతే తేనెబంక వాసన పట్టి, గాలికి ఎదురెగిరి, దిగి, గుడ్లు పెడుతుంది. ఇందులోంచి రైతుకు రెండు విషయాలు:

తల్లి పురుగుల్ని కొని వదలడం ఊరికి పంచిపెట్టడమే. మీ చేలో ఉండవు.

మీరు వదిలిన పిల్లలు పెద్దవై ఎగిరిపోతాయి, పక్క ఊరివి మీ చేలోకి వస్తాయి. వచ్చినవి ఆగాలంటే పూలుండాలి. గట్ల మీద బొబ్బర్లు, ఆముదం, ధనియాలు, సోంపు, జొన్న. బొబ్బరికీ ఆముదానికీ పువ్వు పూయకముందే తేనె ఊరే గ్రంథులు ఉంటాయి. పత్తికయితే ఆకు అడుగున నడి ఈనె మీదే ఒకటి ఉంటుంది. ఆరువేల గుడ్లకు పెట్టే డబ్బులో కొంత ఈ విత్తనాలకు పెడితే పంట కాలమంతా పనికొస్తుంది.

#5 పురుగుల_పరిశీలన
నల్లరేగడి గారితో సగం ఒప్పుకుంటా. గట్టు పంట ఇవాళ విత్తితే పూతకి ముప్పై నలభై రోజులు. మిరపకు ఇబ్బంది ఇప్పుడే ఉంది. గుడ్లు ఈ నెలకి, గట్టు వచ్చే నెలకి. ఒకటి చేస్తే రెండోది అక్కర్లేదని కాదు.

ఒక సరదా విషయం: గబ్బిలం వేటకు వేసే అతిధ్వనిని ఈ పురుగు రెక్క మొదట్లో ఉన్న చిన్న ఉబ్బు ద్వారా వింటుంది. వినగానే రెక్కలు ముడిచి రాయిలా కిందికి జారుతుంది. గబ్బిలం మరీ దగ్గరికొస్తే పడుతూనే ఒక్కసారి రెక్క విప్పి దారి తప్పిస్తుంది.

#6 గుంటూరు_మిరప
చాలా ధన్యవాదాలండీ. ఇవాళ కొన్ని ఆకుల కింద సన్నటి తెల్ల దారాల చివర ఆవగింజ కంటే చిన్న గుడ్లు కనిపించాయి. ఇవే అనుకుంటా? పక్క చేను వాళ్లు బూజు అంటున్నారు. ఇంకో సంగతి, పేనుబంక ఉన్న మొక్కలకి చీమలు బారులు కట్టాయి. వాటి వల్ల ఇబ్బందా?

#7 పురుగుల_పరిశీలన
అవే. బూజు కాదు. బూజైతే మెత్తగా గుబురుగా ఉండి చెయ్యి తగిలితే చెదురుతుంది. ఇది ఒక్కో దారం విడిగా, నిటారుగా, చివర ఒక్కో కోడిగుడ్డు ఆకారం. కొరియా, చైనా బౌద్ధాలయాల్లో బుద్ధ విగ్రహం మీద ఇవి కనపడితే మూడు వేల ఏళ్లకోసారి పూసే ఉదుంబర పుష్పమని జనం బారులు తీరిన సందర్భాలున్నాయి. మీ పక్క చేను వాళ్లది చిన్న పొరపాటే!

ఆ దారం ఎలా వస్తుందో చూడాల్సిందే. ఆడ పురుగు పొట్ట చివర ఆకుకి ఆనించి ఒక బొట్టు జిగురు వదులుతుంది. పొట్టను పైకి ఎత్తుతుంటే జిగురు దారంలా సాగుతుంది, క్షణాల్లో గట్టిపడుతుంది, చివర గుడ్డు నిలబెడుతుంది. చీమ ఆకు మీద నడిచి వెళ్తుంది గానీ ఆ దారం ఎక్కడం దానికి కష్టం. ముందు పొదిగిన తోబుట్టువుల నోటికి కూడా గుడ్డు అంత సులువుగా అందదు.

ఇక చీమలు. ఇబ్బందే, అదీ పెద్ద ఇబ్బంది. చీమకు పేనుబంక పాడి పశువు. తేనెబంక కోసం కాపలా కాస్తుంది, లార్వా కనపడితే కొరికి ఈడ్చి పారేస్తుంది. కొన్న గుడ్లకు కాడ ఉండదు, కార్డు మీద అతికి ఉంటాయి. అంటే సహజ రక్షణ తీసేసి మనం చీమల ముందు పెడుతున్నాం. కార్డు పెట్టే మొక్కల మొదళ్లలో చీమల పుట్టలు ముందే తవ్వి చెదరగొట్టండి. బారులున్న మొక్కకి కాకుండా దాని పక్క మొక్కకి కార్డు పెట్టండి. సాళ్ల మధ్య ఆకులు తగిలే చోటు అయితే పిల్ల దాటుకుని వస్తుంది.

#8 కోనసీమ_తోట
చీమల మాట వచ్చింది కాబట్టి మా వైపు పురుగు గురించి చెప్పాలి. కొబ్బరిలో సర్పిలాకార తెల్లదోమ 2016లో తమిళనాడులో పొల్లాచ్చి దగ్గర మొదట బయటపడింది, తరవాత గోదావరి జిల్లాల కొబ్బరి, ఆయిల్ పామ్, జామ, అరటి అన్నిటికీ పాకింది. దాని మీద వాడే అల్లిక రెక్కల పురుగు క్రైసోపర్లా కాదు. డైకోక్రైసా ఆస్టర్ అనేవారు, ఇప్పటి పేరు అపెర్టోక్రైసా ఆస్టర్. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో దీన్ని పెద్ద ఎత్తున పెంచుతారు.

తేడా ఏమిటంటే దీని పిల్ల చెత్త మోస్తుంది. తిని పీల్చేసిన పురుగుల డొల్లలు, తెల్లదోమ మైనపు పొడి, దూది పోగులు, ఏది దొరికితే అది వీపు మీద ఉన్న కొక్కెం వెంట్రుకలకు తగిలించుకుంటుంది. చూస్తే కదిలే దుమ్ము ముద్ద. చీమ దాన్ని తాకినా నోట్లో మైనమే పడుతుంది. అమెరికాలో ఇలాంటి ఇంకో జాతి మీద 1978లో వచ్చిన పరిశోధనలో, వీపు మీది మైనం తీసేసిన పిల్లల్ని చీమలు లాగి పారేశాయి, మైనం ఉన్నవాటిని వదిలేశాయి. క్రైసోపర్లా పిల్ల వీపు ఖాళీ. అందుకే మైనంతో నిండిన తెల్లదోమ, పిండినల్లి గుంపుల్లో చెత్త మోసే రకం నిలబడినట్టు క్రైసోపర్లా నిలబడదు.

కొబ్బరిలో తోటలు శుభ్రం చేసే పేరుతో ఈ దుమ్ము ముద్దల్ని పైపు పెట్టి నీళ్లతో కొట్టేస్తున్నారు. నీళ్ల పిచికారీ తెల్లదోమ మీద మంచిదే, కాకపోతే పురుగు వదలక ముందు చెయ్యాలి. ఇసారియా ఫ్యూమోసోరోసియా శిలీంద్రం లీటరుకు 5 గ్రాములు సాయంత్రం కొట్టుకోవచ్చు. మసి తెగులు పొర ఊడడానికి 1 శాతం గంజి. రసాయన మందు మాత్రం వద్దు. ఎందుకంటే ఈ తెల్లదోమను అసలు అదుపులో పెట్టేది ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే సూక్ష్మ బదనిక (తెల్లదోమ పిల్లలో పెరిగి దాన్ని చంపే బుల్లి కందిరీగ). అల్లిక రెక్కల పురుగు దానికి తోడు మాత్రమే. మందు కొడితే ముందు పోయేది ఆ బదనికే.

#9 మేడమీద_తోట
సార్, మేడం, నాది కుండీల తోట. మందారానికి పిండినల్లి, వంగకి పేనుబంక. ఇంట్లో ఈ పురుగుల్ని పెంచుకోవచ్చా? ఒక సీసాలో పదిహేను పిల్లలు వేసి పేనుబంక కొమ్మలు పెడితే చాలా?

#10 కార్సిరా_గది
సీసాలో పదిహేను వేస్తే చివరికి నాలుగైదు మిగులుతాయమ్మా. విడివిడి గదులు కావాలి. పెంచడం కష్టం కాదు, ఓపిక పని. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ వాళ్ల పద్ధతినే చాలా ల్యాబులు వాడతాయి, దాన్నే చెబుతున్నా.

మేత: బియ్యపు చిమ్మట అనే కార్సిరా గుడ్లు. జొన్న లేదా సజ్జ నూకను వేడి చేసి పురుగు చంపి, ట్రేకి రెండున్నర కిలోలు, వంద గ్రాముల వేరుశనగ పొడి, 5 గ్రాముల ఈస్టు, 5 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి, అర మి.లీ. కార్సిరా గుడ్లు చల్లుతారు. సుమారు నలభై రోజులకు రెక్కల పురుగులు రావడం మొదలవుతుంది. ఒక మి.లీ.లో 16,000 నుంచి 18,000 గుడ్లుంటాయి. ఆ చిమ్మటల రెక్కల పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్క్ లేకుండా ఆ గదిలోకి వెళ్లకూడదు.

చంపడం: కార్సిరా గుడ్లను అతినీలలోహిత ట్యూబు కింద 45 నిమిషాలు ఉంచి లోపలి పిండాన్ని చంపాలి. ఈ మెట్టు వదిలేస్తే కొద్ది రోజుల్లో కార్సిరా పిల్లలు పుట్టి గూడు అల్లి మొత్తం పాడు చేస్తాయి.

పిల్లలు: మొదట 27×18×9 సెం.మీ. ప్లాస్టిక్ డబ్బాలో పొదగడానికి సిద్ధంగా ఉన్న 120 గుడ్లు, ముప్పావు మి.లీ. కార్సిరా గుడ్లు కలిపి ఉంచుతారు. పొదిగిన మూడో రోజున ఒక్కో పిల్లను ఒక్కో గడిలోకి మార్చాలి. ల్యాబుల్లో రెండున్నర సెం.మీ. గడులున్న ప్లాస్టిక్ జాలీ ఫలకాలు వాడతారు, ఒక ఫలకంలో 192 గడులు. వంద పిల్లలకు మొత్తం 4.25 మి.లీ. గుడ్ల మేత పడుతుంది, రెండు మూడు విడతలుగా. ఒక్కో పిల్లకు సుమారు ఏడు వందల గుడ్లన్నమాట. ఖర్చంతా ఇక్కడే.

కోశం: పిల్ల తెల్లటి గుండ్రటి కోశం అల్లుకుంటుంది. నోటితో కాదు, పొట్ట చివరి నుంచి. ఇరవై నాలుగు గంటలు గట్టిపడనిచ్చి తియ్యాలి, ముందే లాగితే నలిగిపోతుంది. వారం పైన తల్లి పురుగులు వస్తాయి. లార్వాకు పేగు చివర మూసుకునే ఉంటుంది, ఆ బతుకంతా మలం లోపలే. తల్లి పురుగుగా మారాక ఒకేసారి నల్లటి గుళికలా పడేస్తుంది. కోశాల దగ్గర నల్ల గుళికలు చూసి రోగం అనుకోకండి.

తల్లి పురుగులు: లోపల గోధుమ రంగు కాగితం చుట్టిన వెడల్పు తొట్టి, మీద పల్చటి నైలాన్ గుడ్డ. తొట్టికి 250, అందులో అరవై శాతం ఆడవి. గుడ్డ మీద బయట తడి స్పాంజి ముక్కలు మూడు, పక్కన మేత చుక్కలు మూడు చోట్ల. మేత: ఈస్టు, ఫ్రక్టోజు, తేనె, ప్రోటీన్ పొడి, నీళ్లు సమపాళ్లలో ముద్దగా. ఈస్టు తప్పదు, దాని నుంచే గుడ్డుకి కావలసిన ప్రోటీను. ఒట్టి తేనె నీళ్లు పెడితే బతుకుతాయి గానీ గుడ్లు సరిగా పెట్టవు. ఐదో రోజు నుంచి గుడ్లు తీసుకోవచ్చు. కాగితం మార్చి, కాడలు గట్టిపడ్డాక స్పాంజితో మెత్తగా తుడిస్తే గుడ్లు రాలతాయి.

కుండీల తోటకి ఇదంతా అతి. పేనుబంక కొమ్మ తెచ్చి మాత్రల అట్ట ఖాళీ గుంతల్లో ఒక్కో పిల్లను వేసి పెంచుకోండి, పదీ ఇరవై చాలు.

#11 టెక్సాస్_పెరడు
ఇక్కడ అమెరికాలో అమ్మేవాటిలో క్రైసోపర్లా రుఫిలాబ్రిస్ ఎక్కువ. తేమ ఎక్కువగా ఉన్న చోట, చెట్ల మీద కార్నియా కంటే బాగా నిలుస్తుందని పేరు. కరివేపాకుకి సిల్లిడ్ (రసం పీల్చే చిన్న పురుగు) పట్టినవాళ్లకు పనికొస్తుంది, సిల్లిడ్ పిల్లల్ని శుభ్రంగా తింటుంది. తెచ్చిన రోజే వదలాలన్న నియమం ఇక్కడా అంతే.

#12 నల్లరేగడి
మందుల సంగతి ఎవరూ ముట్టుకోలేదు. గుంటూరు గారి అసలు ప్రశ్నలో అదీ ఉంది.

ముందు ఒక అపోహ. డబ్బా మీద ఆకుపచ్చ త్రికోణం చూసి మిత్రపురుగులకు మంచిదనుకుంటారు. ఆ ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు మనిషికి, పశువుకి ఎంత విషమో చెప్పేవి. మిత్రపురుగుతో సంబంధం లేదు. నోవాల్యురాన్, లుఫెన్యురాన్, డైఫ్లూబెంజురాన్ లాంటి పెరుగుదల నియంత్రకాలు పెద్ద పురుగును వెంటనే పడగొట్టవు. కానీ అల్లిక రెక్కల పిల్ల కుబుసం విడవాల్సిన రోజున విడవలేక చస్తుంది. చేలో శవం కనపడదు, రెండు వారాల తరవాత పురుగే కనపడదు.

మోనోక్రోటోఫాస్, ఎసిఫేట్, క్లోరిపైరిఫాస్ లాంటివి కొట్టిన చేలో రెండు మూడు వారాల లోపు గుడ్లు వదలడం డబ్బు పారేసుకోవడమే. ఈ జాతి పైరిత్రాయిడ్లను మిగతా మిత్రపురుగుల కంటే కొంత తట్టుకుంటుంది, నిజం. కానీ అవి కొడితే అక్షింతల పురుగులూ బదనికలూ పోతాయి, ఎర్రనల్లి పెరుగుతుంది. వేప గింజల కషాయం 5 శాతం మెతకైనదే, అయినా చిన్న పిల్ల మీద నేరుగా పడితే నష్టమే. వేప ముందు, నాలుగైదు రోజులు ఆగి గుడ్లు. ఈ వరస తిరగెయ్యకండి.

ఇంకోటి: మొదళ్లలో పోసిన ఇమిడాక్లోప్రిడ్ పూల తేనెలోకి ఎక్కి తల్లి పురుగుల్ని దెబ్బతీస్తుందని పరిశోధనలున్నాయి. పిచికారీ చెయ్యలేదు కదా అని ధీమా వద్దు.

#13 గుంటూరు_మిరప
ఇప్పటిదాకా వేప తప్ప ఏమీ కొట్టలేదండీ, అదీ పది రోజులైంది. మరి పై ముడత? తామర పురుగుని కూడా తింటుందా? పూతకి వచ్చాక నల్ల తామర పురుగు భయం. ఇంకా పచ్చ పురుగు కోసం ట్రైకోగ్రామా (పురుగు గుడ్లలో పెరిగే బదనిక) కార్డులు కూడా ఒకేసారి కట్టేద్దామనుకున్నా.

#14 పురుగుల_పరిశీలన
ఆకు మీది తామర పురుగు పిల్లల్ని తింటుంది. దవడలు కొడవలి ఆకారంలో ఉండి లోపల గొట్టంలా బోలుగా ఉంటాయి. గుచ్చి, జీర్ణరసం ఎక్కించి, లోపలిదంతా కరిగించి పీలుస్తుంది. మిగిలేది ముడుచుకున్న తొక్క. పేనుబంక, తెల్లదోమ పిల్లలు, పచ్చదోమ పిల్లలు, పిండినల్లి తొలి దశ, నల్లి, శనగపచ్చ పురుగు గుడ్లు, అప్పుడే పుట్టిన లద్దె పురుగు, మెత్తగా ఉండి మెల్లగా కదిలే ఏదైనా దానికి తిండే. పెద్ద గొంగళి జోలికి పోదు.

నల్ల తామర పురుగు సంగతి వేరు. అది పువ్వు లోపల గుంపులుగా దాక్కుంటుంది. అక్కడ ఈ పిల్ల చేసేది తక్కువ. దాన్ని ఈ పురుగుతో అదుపు చేస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి. నీలం రంగు జిగురు అట్టలు, పొలం శుభ్రత, అవసరమైతే సిఫారసు చేసిన మందు, వాటి లెక్క వాటిదే. పూతకు ముందున్న ఈ ఇరవై రోజులే మీకు క్రైసోపర్లా పనికొచ్చే కాలం.

కింది ముడత అయితే తెల్లనల్లి, పై ముడత అయితే తామర పురుగు. అద్దం పెట్టి తేల్చుకోండి.

#15 కార్సిరా_గది
ట్రైకోగ్రామా కార్డు, క్రైసోపర్లా ఒకేసారి వద్దు! ట్రైకో కార్డు మీద ఉండేది కూడా కార్సిరా గుడ్లే. క్రైసోపర్లా పిల్ల పుట్టినప్పటి నుంచి తిన్న మేత అదే, నేరుగా వెళ్లి కార్డును ఖాళీ చేస్తుంది. లోపల బదనిక పెరుగుతున్నా దానికి పట్టదు. ట్రైకో కార్డు ముందు కట్టండి, బదనికలు ఎగిరిపోయాక, అంటే ఐదారు రోజులు ఆగి, క్రైసోపర్లా వదలండి. మీకు పేనుబంక తొందర కాబట్టి ఇప్పుడు క్రైసోపర్లా వదిలి, పచ్చ పురుగు గుడ్లు కనపడ్డాక ట్రైకో ఆలోచించండి.

#16 నల్లరేగడి
పని చేస్తోందో లేదో చూడడం గురించి ఒక్క మాట. పగలు లార్వాల కోసం వెతికి "లేవు" అనకండి, ఎక్కువ వేట రాత్రి పూటే. ఇరవై మొక్కల్లో మొక్కకి మూడు ఆకుల చొప్పున పేనుబంక లెక్క రాసుకోండి, వదిలిన రోజు, ఎనిమిదో రోజు, పన్నెండో రోజు. ముడుచుకుపోయిన తొక్కలు, ఆకు మడతల్లో తెల్ల కోశాలు, ఇవే సాక్ష్యం. కాళ్లు లేకుండా జలగలా పాకే పిల్ల కనపడితే అది సిర్ఫిడ్ ఈగది. నలుపూ నారింజ మచ్చలతో, పొట్టి దవడలతో ఉంటే అక్షింతల పురుగుది. రెండు చివరలా సన్నగా, పక్కల వెంట్రుకల బొడిపెలతో, తల ముందు కొడవళ్లతో ఉంటేనే మీరు వదిలింది. మూడూ మిత్రులే, చంపకండి.

ఎనిమిదో రోజుకి లెక్క రెట్టింపైతే కంగారు పడొద్దు, పైన క్యాలెండర్ చూశారు కదా. పన్నెండో రోజుకీ పెరుగుతూనే ఉంటే రెండో దఫా కోసం చూడకుండా వేరే దారి పట్టాలి.

#17 గుంటూరు_మిరప
సరేనండీ. ఆరువేల గుడ్లు ఆర్డర్ పెడుతున్నా. మనిషి దొరకక రెండు మూడు రోజులు ఆగాల్సి వస్తే ఫ్రిజ్‌లో పెట్టొచ్చా? వచ్చిన గుడ్లు మంచివో కావో ఎలా తెలుస్తుంది?

#18 కార్సిరా_గది
కూలీలను ముందు మాట్లాడుకుని తరవాత ఆర్డర్ పెట్టండి. తప్పనిసరైతే 10 డిగ్రీల దగ్గర కొద్ది రోజులు ఆగుతాయి, అదీ పచ్చగా ఉన్నప్పుడే. ఇంటి ఫ్రిజ్ లోపల అంతకంటే చల్లగా ఉంటుంది కాబట్టి తలుపు అరలో, గాలి ఆడే కాగితం కవరులో పెట్టండి. డీప్ ఫ్రీజర్ పొరపాటున కూడా కాదు. బూడిద రంగుకు వచ్చినవి ఫ్రిజ్‌లో పెట్టకండి.

పరీక్షకు వంద గుడ్లున్న కార్డును ఒక్కో గుడ్డుకి ఒక్కో ముక్కగా కత్తిరించి, మాత్రల అట్ట గుంతల్లో ఒక్కోటి వేసి పైన టేపు అతికించండి. ఒకే డబ్బాలో వేస్తే పుట్టినవి పుట్టనివాటిని తినేసి లెక్క తప్పిస్తాయి. నాలుగో రోజు చూడండి: పొదిగిన గుడ్డు తెల్లటి ఖాళీ డొల్లగా, ఒక పక్క చీలి ఉంటుంది. నల్లబడి గట్టిగా ఉంటే లోపల టెలినోమస్ బదనిక ఉన్నట్టు. రంగు తిరగకుండానే కుంగిపోతే ఫలదీకరణ జరగనిది లేదా దారిలో ఎండకి పోయినది. డెబ్బై కంటే తక్కువ పొదిగితే అమ్మినవాళ్లకి ఫొటోతో సహా చెప్పి తరువాతి దఫాలో లోటు పూడ్చమనండి. బస్సు పార్సిల్‌లో ఇంజిను పక్కన పెట్టిన పెట్టె అయితే ఇలాంటివి మామూలే, ఉదయం దిగే బండికి వెయ్యమని చెప్పండి.